రొయ్యలు లేని బీరకాయ

మా పుట్టింట్లో కూరగాయ ఏనాడూ ఒంటరిగా పొయ్యి ఎక్కి ఎరగదు. బీరకాయకు రొయ్యలు తోడు. సొరకాయకు ఎండు రొయ్యలు, గోంగూరకు మాంసం, చింతచిగురుకు చిన్న చేపలు. వంకాయ కూరలో సైతం ఎక్కడో ఒక ఎండుచేప ముక్క దాక్కుని ఉండేది. గోదావరి పక్క పుట్టినవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు. నేనైతే పెళ్ళయి, ఢిల్లీలో కాపురం పెట్టి, నలభై దాటేదాకా బీరకాయ సొంత రుచి ఏమిటో తెలియకుండానే బతికేశాను. తెలుసుకోవాల్సిన అవసరం మా అక్క వల్ల వచ్చింది.

అక్క నాకంటే బాగా పెద్దది. అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఏ డ్యూటీ ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టి వంటిల్లు చిన్నతనంలోనే అక్క చేతికి వచ్చింది. దాంతోపాటు నేనూ వచ్చాను. నాకు జడలు వేసిందీ, ముద్దలు కలిపి పెట్టిందీ అక్కే. పెళ్ళయి ఢిల్లీ వచ్చాక కూడా నన్ను వదల్లేదు. నా ఇంటర్ పూర్తికాగానే తన దగ్గరికి తెచ్చేసుకుంది. బావగారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. ఆర్.కె. పురంలో వాళ్ళ క్వార్టర్‌లోనే ఉండి డిగ్రీ చదివాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, పెళ్ళి చేసుకుని ఢిల్లీలోనే ఇంకో మూల ఉన్న ద్వారకకు కాపురానికి వెళ్ళాను.

ఆ క్వార్టర్‌లో ఆదివారమంటే చేపల రోజు. బావగారు పొద్దున్నే సంచీ పట్టుకుని ఐ.ఎన్.ఏ. మార్కెట్‌కు వెళ్ళి వచ్చేవారు. అక్క పులుసు పెట్టేది, కొన్ని ముక్కలు వేయించేది. వడ్డించేటప్పుడు ఆమె గరిటె నా కంచం దగ్గరికి వచ్చేసరికి బరువెక్కేది. "ఆ గరిటెకి మీ చెల్లెలి కంచం అంటే ప్రాణం. మా కంచాలు దానికి ఆనవు" అని బావగారు ఎగతాళి చేసేవారు. అక్క వినిపించుకునేది కాదు. ద్వారక వెళ్ళాక కూడా వారం వారం డబ్బాలు వచ్చేవి. డబ్బాలు రాని రోజుల్లో గురుగ్రామ్ ఆఫీసు నుంచి వస్తూ వస్తూ బిర్యానీ ఆర్డర్ పెట్టేసేదాన్ని. నేను బొద్దుగా ఉంటానని అందరూ అనేవారు. బొద్దు అనే మాటను దాటి చాలా దూరం వెళ్ళానని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు, నా నోటికి భయపడి.

అలాంటి రోజుల్లో అక్క కళ్ళు పచ్చబడ్డాయి. కాళ్ళు వాచాయి. చేయి తిరిగిన మనిషి, చపాతీ ఒత్తలేక కుర్చీలో కూలబడింది. శరీరాన్ని కాపాడాల్సిన శక్తే దారితప్పి లివర్‌ను తినేస్తోందని, ఇందులో ఆమె తప్పేమీ లేదని డాక్టర్లు చెప్పారు. మందులతో కొంతకాలం నెట్టుకొచ్చారు. చివరికి, దగ్గరివాళ్ళెవరైనా తమ లివర్‌లో కొంత భాగం ఇస్తే తప్ప లాభం లేదన్నారు. ఇచ్చినవాళ్ళకు మళ్ళీ పెరుగుతుందట. ఆ సంగతి వినగానే, నాకిది కూడా ఒక పెద్ద విషయమేనా అన్నట్టు చెయ్యెత్తేశాను.

బావగారికి షుగరు, పైగా వయసు మళ్ళింది. అక్క రక్తంతో కలిసే రక్తం ఉన్నవాళ్ళం ఇద్దరమే: నేను, అక్క కూతురు. అది అప్పుడే కాలేజీలో చేరిన పిల్ల. పెద్దదాన్ని నేనుండగా దాని ప్రస్తావన ఎందుకని ఎవరూ ఎత్తలేదు. నాకు స్కానింగ్ చేశారు. డాక్టరు ఆ స్కాన్ బొమ్మల సినిమాను కంప్యూటర్‌లో అటూ ఇటూ తిప్పి చూసి, నా వంక చూసి, మళ్ళీ దాని వంక చూశాడు. నా లివర్ నిండా కొవ్వు పేరుకుని ఉందట. దాన్ని ఇప్పుడు కోస్తే నాకు ప్రమాదం, అక్కకు పెట్టినా సరిగ్గా పనిచేయదు. "తగ్గించుకుని రండి, తగ్గుతుంది. మీరు ఎంత త్వరగా తగ్గిస్తే మీ అక్కకు అంత మంచిది" అని హిందీలో నెమ్మదిగా చెప్పాడు. అంత నెమ్మదిగా చెప్పేసరికే నాకు భయం వేసింది.

ఇంటికొచ్చి అక్కకు చెప్పాను. ముందు నవ్వింది. "ఆ కొవ్వంతా నేను పెట్టిందేనే" అంది. అంటూ అంటూనే ఏడ్చేసింది. "నా చేత్తో పెట్టిందే నాకు అడ్డం పడింది చూడు."

అక్క కూతురు అక్కడే గోడకానుకుని ఫోన్ చూసుకుంటోంది. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం హిందీలోనే ఇస్తుంది. తలెత్తకుండానే, "అచ్ఛా, తో మై దే దేతీ హూఁ. ఇందులో ఏముంది?" అంది. నేను ఇచ్చేస్తాలే అని.

అక్క కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయింది. "దాని ఒంటిమీద కత్తి పడితే నేను ఆ బల్ల ఎక్కను. చెప్తున్నా. ఎవరు బతిమాలినా ఎక్కను."

బావగారు ఆమె భుజం పట్టి మళ్ళీ కూర్చోబెట్టారు. అక్క మాటంటే మాటే అని ఆ గదిలో అందరికీ తెలుసు. అంటే నా లివర్ బాగుపడాలి, లేకపోతే అక్క ఉండదు. ఇంత తేలిగ్గా అర్థమయ్యే లెక్క నా జీవితంలో ఇంకోటి లేదు.

ఆసుపత్రిలో ఆహారం సంగతి చూసే అమ్మాయి ఉంది. పంజాబీ పిల్ల, అక్క కూతురి కంటే కాస్త పెద్దదంతే. నేను ఏమేం తింటానో అడిగింది. చెబుతుంటే కాసేపటికి రాయడం ఆపేసింది. మీ ఇంట్లో మాంసం అంటే వేపుడు, కూరలో పైకి తేలే నూనె, దాని మీదికి కొండంత అన్నం, కాబట్టి ప్రస్తుతానికి శాకాహారానికి మారిపోండి, కూరలు, ఆకులు, పప్పులు ఎక్కువ, నూనె, అన్నం, తీపి తక్కువ, రోజూ నడక అంది. నేను శాకాహారం అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మిగతాదంతా దాని వెనకాలే వస్తుందిలే అనుకున్నాను.

మాలాంటి ఇళ్ళలో శాకాహారమంటే ఏమిటి? పండగ. వినాయక చవితికీ, కార్తీక సోమవారాలకీ, నోములకీ వ్రతాలకీ తప్ప మేం మాంసం మానం. ఆ రోజుల్లో ఏం వండుతాం? పులిహోర, గారెలు, ముద్దపప్పు, దాని గుంటలో నెయ్యి, బంగాళదుంప వేపుడు, పరమాన్నం. శాకాహార భోజనం అనగానే మా కళ్ళముందుకు వచ్చే ఆకు అదే. మామూలు రోజున మామూలు కూరగాయతో భోజనం ముగించడం మాకు తెలియని విద్య.

పైగా ద్వారకలో మా సొసైటీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మా ఆయన ఈ సంగతి పెట్టారు. ఆయన ఉద్దేశం మంచిదే, మాకు కాస్త ధైర్యం చెబుతారని. ధైర్యంతోపాటు క్యారేజీలు వచ్చాయి. అక్క ప్రాణం కోసం మాంసం మానేసిందంటే ఆంటీల గుండెలు కరిగిపోయాయి. ఎదురు బ్లాకు ఆంటీ గుత్తివంకాయ పంపింది, నూనె అంచులు దాటి క్యారేజీ బయటికి కారుతూ. పై అంతస్తు ఆంటీ బొబ్బట్లు పంపింది, అవి నేతిలో మునిగి ఉన్నాయి. ఇంకొకావిడ పనీర్ కూర తెచ్చి, "ఇందులో బలం ఉంటుందమ్మా, ఆపరేషన్ మనిషివి" అని దగ్గరుండి తినిపించి వెళ్ళింది. వాళ్ళ మనసు ఎంత మంచిదో తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. అంత ప్రేమగా మమ్మల్ని ఎవరు చూస్తారు ఈ ఊళ్ళో? తిన్నాను. ఒక్క మాంసం ముక్క ముట్టలేదు కదా అని నా భుజం నేనే తట్టుకుంటూ తిన్నాను.

మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు బరువు చూస్తే పెరిగింది. లివర్‌లో కొవ్వు ఉన్నచోటే ఉంది. పంజాబీ పిల్ల నన్ను కూర్చోబెట్టి ఏం తిన్నానో మళ్ళీ మొదటి నుంచి అడిగింది. నేను గర్వంగా చెప్పుకొచ్చాను. ఆ పిల్ల కోప్పడలేదు. "దీదీ, మీరు శాకాహారం తినడం లేదు. రోజూ పండగ చేసుకుంటున్నారు" అంది.

నేను ఆ గదిలోంచి బయటికొచ్చి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, లిఫ్టు రాలేదని లిఫ్టు మీద కోప్పడ్డాను. అప్పటికే అక్కను అదే ఆసుపత్రిలో చేర్చారు, పొట్టలో నీరు చేరితే తీయడానికి. పైకి వెళ్ళి ఆమె మొహం చూసే ముఖం లేక కింద క్యాంటీన్‌లో కూర్చున్నాను. అక్క కూతురు నన్ను వెతుక్కుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది. చాలాసేపు చాయ్ కప్పు తిప్పుతూ ఉండి, చివరికి చెప్పింది: "పిన్నీ, నేను కూడా అన్ని టెస్టులూ చేయించుకున్నా. సబ్ క్లీన్ హై. నేను ఇవ్వచ్చన్నారు. మమ్మీకో మత్ బతానా, తనకి చెప్పొద్దు."

ఆ పిల్ల చేతులు చూశాను. గోళ్ళకు నీలం రంగు, అక్కడక్కడ కొరికేసి ఉంది. దీన్ని పురిట్లో మొదట ఎత్తుకున్నది నేను. దీన్ని బల్లమీద పడుకోబెట్టే పరిస్థితి తెచ్చినవి నా బొబ్బట్లు. కోపం, సిగ్గు, భయం మూడూ కలిసి తన్నుకొచ్చాయి. "నువ్వు పోయి చదువుకో. నీ లివర్ నీ దగ్గరే ఉంచుకో. నేను బతికే ఉన్నా కదా" అని అరిచాను. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. అది నవ్వి, నా కప్పులో మిగిలిన చాయ్ కూడా తాగేసి వెళ్ళిపోయింది.

అక్కకు ఎవరు చెప్పారో, బహుశా నా మొహమే చెప్పిందో, ఇంటికి తెచ్చిన మర్నాడు ఫోన్ చేసింది. "బట్టలు సర్దుకుని వచ్చెయ్. మీ ఆయనకి చెప్పు, కొన్నాళ్ళు నువ్వు ఇక్కడే ఉంటావని. నిన్ను నమ్మి నీ కంచం నీకు వదిలేయడం నాదే పొరపాటు."

వెళ్ళాను. నా పాత గదిలోనే పక్క వేసి ఉంది. అక్కకు ఉప్పు లేని తిండి. నాకు నూనె లేని తిండి. రెండు కుంపట్లు ఎందుకే, ఒకే గిన్నెలో వండేద్దాం అంది అక్క. తను నిలబడి వండలేదు. వంటింటి గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుంది. వంట నేను చేయాలి. నాకు వంట వచ్చు అనుకునేదాన్ని. అక్క కళ్ళముందు నిలబడ్డాక తెలిసింది, నాకు వచ్చింది నూనె పోయడం మాత్రమే.

మొదటి కూర బీరకాయ. ఇక్కడ దాన్ని తోరీ అంటారు, ఏ తోపుడుబండి మీద చూసినా ఉంటుంది, ఏనాడూ దాని మొహం సరిగా చూడలేదు నేను. "లేతవి ఏరు. గోరు దిగాలి" అని బాల్కనీలోంచి కిందికి కేకలు. చెక్కు తీయించింది, ముక్కలు చిన్నగా కోయించింది. చెంచా మూలకు అంటినంత నూనె వేయనిచ్చింది. జీలకర్ర, వెల్లుల్లి, పచ్చిమిర్చి చీలికలు. నీళ్ళు పోయబోతే "ఆగవే! అదే ఊరుతుంది" అని గదిమింది. మూత పెట్టాక నిజంగానే ఊరింది. ఆఖర్న కాసిన్ని పాలు పోయించి, కొత్తిమీర చల్లించి దింపించింది.

ఉప్పు లేదు. నాకు కొంచెం వేసుకోవచ్చు, అయినా పంతం పట్టి అక్కలాగే తింటానన్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, ఇది ఆసుపత్రి తిండి అనుకున్నాను. రెండో ముద్దకు నిమ్మకాయ పిండుకున్నాను. తర్వాత్తర్వాత ఎక్కడో ఒక సన్నని తీపి తగిలింది. లేత కాయను కోసినప్పుడు వచ్చే వాసన ఉంటుంది చూడండి, ఆ వాసనకు రుచి ఉంటే అలా ఉంటుంది. ఇన్నేళ్ళూ రొయ్యలే బాగున్నాయనుకున్నాను. కూరలో సగం రుచి బీరకాయదట! అక్కతో అంటే, "మరి! రొయ్యకి అంత రుచి ఎక్కడిదనుకున్నావు?" అంది.

ఇదేదో అప్పటికప్పుడు జ్ఞానోదయమై, నేను మర్నాటి నుంచి ఆకులు నములుతూ ఆనందంగా బతికానని అనుకోకండి. నరకం చూశాను. ఆఫీసులో పక్క సీటతను మధ్యాహ్నం చికెన్ కర్రీ డబ్బా మూత తీస్తే నేను లేచి మెట్లు దిగి పార్కింగ్‌లో తిరిగేదాన్ని. ఒక సాయంత్రం టిండా అనే ఇక్కడి చప్పటి గుండ్రకాయ కూర చూసి గిన్నెను గట్టు మీద ఎత్తి కొట్టాను. అక్క కుర్చీలోంచే వంగింది. కింద పడిన ముక్కలు ఏరి, మిగిలింది రెండు కంచాల్లోకి సర్ది, తను ముందు ముద్ద పెట్టుకుంది. అప్పటికి ఆమెకు ఏదీ సయించడం లేదు. ప్రతి ముద్దా మందులా మింగుతోంది. అది చూశాక నేనూ కూర్చుని తిన్నాను.

మా ఆయన కథ వేరు. నాకు తోడుగా తనూ మాంసం మానేస్తానని అందరి ముందూ ఒట్టు వేశారు. ఆదివారం నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు చొక్కా నిండా తందూరీ వాసన. "మెట్రో స్టేషన్ పక్కన బండి ఉంది, పొగ అంటుకుంది" అన్నారు. బావగారు చాలా గంభీరంగా, "పొగ మీసాలకి కూడా అంటుకుందండి, ఎర్రగా" అన్నారు. అక్క అన్నాళ్ళ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు కోసం మా ఆయన వారం వారం తందూరీ తిన్నా క్షమించేద్దును.

ఈలోగా చలి దిగింది. ఢిల్లీ చలికాలాన్ని తిట్టనివాళ్ళుండరు, ఆ పొగ, ఆ దగ్గు. కానీ నేను ఈ చలికాలానికి దండం పెడతాను. కూరగాయల బండి మీద పచ్చదనం పోటెత్తే కాలం అదే. మెంతికూర, పాలకూర, ఆకులతో సహా ముల్లంగి, ఎర్రటి క్యారెట్, పచ్చి బఠానీ. బావగారు బాల్కనీ ఎండలో పేపరు పరుచుకుని బఠానీలు ఒలిచేవారు, ఒలిచినవాటిలో సగం నోట్లోకి పోయేవి. ఒకరోజు నేను బథువా కట్ట తెచ్చాను, ఇక్కడివాళ్ళు రొట్టెల పిండిలో కలిపే ఆకు. అక్క దాన్ని చేతిలోకి తీసుకుని వాసన చూసి, "ఏవే, ఇది మన చక్రవర్తి కూరేనే! అమ్మమ్మ పప్పులో వేసేది. ఇన్నేళ్ళ నుంచీ ఈ ఊళ్ళో ఉండి, ఇది ఇక్కడ దొరకదనుకున్నాను" అంది. ఆ పూట పెసరపప్పులో వేసి వండాను. చాలా రోజుల తర్వాత అక్క మారు వడ్డించుకుంది.

నా ఒంట్లో మార్పు నాకు ముందు మెట్రో మెట్ల దగ్గర తెలిసింది. ఎస్కలేటర్ పాడై అందరూ విసుక్కుంటుంటే, నేను ఎక్కేసి, పైన ఆగకుండా నడిచి వెళ్ళిపోయాక గుర్తొచ్చింది, ఆయాసం రాలేదని. బీపీ మాత్ర డాక్టరు సగానికి తగ్గించాడు. పొద్దున్నే లేస్తే మోకాళ్ళు మూలగడం లేదు. పాత సల్వార్లు జారిపోతుంటే అక్క కూతురు పిన్నీసులు పెట్టి, "పిన్నీ, నైస్!" అంది. దాని నోటి నుంచి ఆ మాట రావడం చిన్న విషయమేమీ కాదు. నా శరీరాన్ని నేను ఎప్పుడూ తిట్టుకోవడమే తప్ప మెచ్చుకుని ఎరగను. అది మాత్రం కాస్త పప్పూ, కాస్త ఆకుకూరా, కాస్త నడకా ఇచ్చేసరికి ఏ కక్షా పెట్టుకోకుండా బాగుపడటం మొదలుపెట్టింది. ఎవరికి చెప్పుకోవాలో తెలియని కృతజ్ఞత కలిగింది నాకు.

మళ్ళీ స్కానింగ్ రోజు వచ్చింది. అక్క రాలేని స్థితి. బావగారు ఆమె దగ్గర ఉండిపోయారు. మా ఆయన, నేను వెళ్ళాం. ఈసారి డాక్టరు నా వంక చూడలేదు, సినిమానే చాలాసేపు చూశాడు. "చలేగా" అన్నాడు. ఆ ఒక్క మాటే. పనికొస్తుంది. మా ఆయన అక్కడే, డాక్టరు ముందే, చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. నేను బయటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను. "అక్కా, పనికొస్తుందట" అన్నాను. అటువైపు బావగారికి ఆ మాట చెప్పడం వినపడింది. తర్వాత, "పరగడుపున వెళ్ళావు కదే. ఏమైనా తిన్నావా?" అంది.

ఆపరేషన్‌కు ముందు ఒక కమిటీ ఉంటుంది. ఇచ్చేవాళ్ళను ఒంటరిగా కూర్చోబెట్టి, ఎవరైనా బలవంతం చేస్తున్నారా, ఎవరైనా ఆశ చూపించారా అని అడుగుతారు. అడగాల్సిందే, నాకు తెలుసు. అయినా ఆ గదిలో వరసగా కూర్చున్నవాళ్ళను చూడగానే నాకు ఎక్కడలేని చిరాకు వచ్చింది. పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని, "మీ అక్క నుంచి దీనికి బదులుగా ఏమైనా తీసుకున్నారా?" అని హిందీలో అడిగాడు.

"లియా హై" అన్నాను. తీసుకున్నాను.

ఆయన చేతిలో పెన్ను ఆగింది. అందరూ తలెత్తారు. "క్యా లియా?"

"ఖానా. చిన్నప్పటి నుంచి. ఆమె వండింది, నేను తిన్నాను."

పెద్దాయన కాగితం పక్కకు జరిపాడు. నా తిక్క వల్ల పని చెడిందేమోనని అప్పుడు తోచింది. చివర కూర్చున్న ఒక మేడమ్ ముందుకు వంగి, "ఏం వండేది?" అని అడిగింది. నాకు వచ్చిన హిందీలో చేపల పులుసు గురించి చెప్పాను, చింతపండు ఎంత వేయాలో, మర్నాటికి ఎందుకు బాగుంటుందో. ఇప్పుడు ఇద్దరం లౌకీ, అదే సొరకాయ, తింటున్నామని కూడా చెప్పాను. పెద్దాయన నవ్వు ఆపుకుంటూ, ఏమీ తీసుకోలేదని రాసుకున్నాడు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి నా దగ్గర ఎక్కువ లేదు. మత్తు, నొప్పి, దాహం. కళ్ళు తెరిచాక అక్క గురించి అడిగాను. "పని మొదలుపెట్టింది" అంది నర్సు. ఏది మొదలుపెట్టిందో వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కుట్లు లాగుతున్నా ఏడుపు ఆపుకోలేకపోయాను. నాలుగు గోడల అవతల, నాలో పెరిగినది అక్కలో పనిచేస్తోంది. ఆమె కళ్ళ పసుపు కొంచెం కొంచెంగా తగ్గుతోందని, అక్క కూతురు ఫోటోలు తీసి చూపించేది.

ఇద్దరం కోలుకున్నాం. నేను ద్వారకకు వచ్చేశాను. పూర్తి శాకాహారినయ్యానని చెప్పను, అబద్ధమవుతుంది. ఎప్పుడైనా ఒక చేప ముక్క తింటాను. మిగతా రోజుల్లో బీరకాయ, సొరకాయ, ఏ కాలానికి ఆ ఆకుకూర. నా కోసమే వండుకుంటాను, ఇష్టంగానే తింటాను. సొసైటీ ఆంటీలు ఇప్పటికీ క్యారేజీలు పంపుతారు, ఇప్పుడు వాటిలో ఉడికించిన శనగలు ఉంటాయి.

మొన్న ఆదివారం ఆర్.కె. పురం వెళ్ళాం. అక్క ఇప్పుడు నిలబడి వండుతోంది. బుగ్గలు కాస్త నిండాయి. మా అందరి కోసం చేపలు వేయించి, తను మాత్రం కంచంలో రొట్టె, తోటకూర పప్పు, సొరకాయ పెట్టుకుని కూర్చుంది. డాక్టరు అప్పుడప్పుడూ ఒక ముక్క తినొచ్చన్నాడు. ఆ వేపుడంటే ఆమెకు ఎంత ప్రాణమో నాకు తెలుసు. "ఒక్కటి తినక్కా, ఏం కాదు" అని ముక్క తీసి ఆమె కంచంలో వేయబోయాను.

అక్క కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దే. నా ఒక్కదాని ఒళ్ళయితే నా ఇష్టం వచ్చినట్టు తిందును. ఇందులో నీది ఉంది."